దయను కొలవబోయే ముందు

తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివినవాళ్లు కలిసి సద్గుణాల మీద పరిశోధన మొదలుపెడితే, మొదటి నెల కొలతల జోలికి పోకండి. మాటలు పోగుచేయండి.

ఈ బుద్ధి నాకు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వచ్చింది. "మీరు ఎంత దయగలవారు? ఐదుకు ఎన్ని మార్కులు వేసుకుంటారు?" అని ప్రశ్నావళి పట్టుకుని తిరిగాను. అందరూ నాలుగో ఐదో వేసుకున్నారు. చేపల బుట్ట ముందు కూర్చున్న ఒక పెద్దావిడ మాత్రం, "దయా, జాలా బాబూ? జాలైతే ఊరికే పడొచ్చు. దయకు చెయ్యి కదలాలి" అంది. నా కాగితంలో రెండింటికీ ఒకటే గడి! అప్పటికి నింపిన ఇరవై మూడు కాగితాలూ పక్కన పడేశాను.

కాబట్టి జాలి, దయ, కనికరం, కరుణ: ఒక్కో మాటకు పదిమందిని అడగండి. అర్థం చెప్పమనకండి, జరిగిన సంగతి చెప్పమనండి. అవన్నీ ముందు పెట్టుకుని, ఏది మనసులో కలిగే భావం, ఏది అలవాటుగా స్థిరపడిన గుణం అని విడదీయడం తత్వశాస్త్రం వాళ్ల పని. ఈ తేడానే చర్చించిన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అక్కడ బాగా అక్కరకొస్తాడు.

తర్వాత కంటికి కనిపించే పని ఒక్కటే ఎంచుకోండి. మద్దిలపాలెం వైపు వెళ్లే బస్సులో చంటిబిడ్డ తల్లికి సీటు ఇవ్వడం చాలు. పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు. వేళ, రద్దీ తప్పక రాయండి.

అన్నిటికన్నా ముఖ్యమైన గడి తొందర. 1973లో అచ్చయిన ప్రయోగంలో డార్లీ, బాట్సన్ అనే మనస్తత్వవేత్తలు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థులను పక్క భవనంలో ప్రసంగించమని పంపారు. కొందరి అంశం మంచి సమరయుని ఉపమానమే, అంటే దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మనిషి గురించిన బైబిలు కథ. దారిలో ఒకడు కుప్పకూలి ఉన్నాడు. తొందర లేనివారిలో 63 శాతం సాయపడితే, ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో 10 శాతమే ఆగారు. ప్రసంగాంశం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అలాగని గుణమనేదే లేదని తేల్చేయకండి; ఆ తొందరలోనూ ఆగినవాళ్లున్నారు. ఒక్కసారి చూసి మనిషిని తూచలేం, అంతే. అందుకే ఒప్పుకున్నవారితో నెలరోజులు డైరీ రాయించండి. "ఇవాళ ఎవరికి సాయం చేశారు?" అన్నది రెండో ప్రశ్నగా ఉండాలి. మొదటిది: "ఇవాళ ఎక్కడికి ఆలస్యమైంది?"