గళ్ళ నుడికట్టు మధ్యలో ఆగిపోయిందా? తప్పు ఎక్కడుందో పట్టుకునే దారి

పేపర్లో రోజూ వచ్చే పజిల్ సగంలో మొండికేస్తే చాలామంది వెంటనే నిఘంటువు తీస్తారు. అది ఆఖరి మెట్టు. మాట తెలియక ఆగిపోయిన సందర్భాలు నిజానికి తక్కువే. గడుల లెక్క తప్పడమో, దిశ తప్పడమో, పక్క జవాబు తప్పడమో అసలు కారణం అవుతుంది. లక్షణం చూసి కారణం పట్టుకుంటే పెన్సిలూ రబ్బరే చాలు.

జవాబు తెలుసు, కానీ గడి ఒకటి మిగిలింది, లేదా చాలలేదు

తెలుగు పజిల్‌లో ఒక గడికి ఒక అక్షరం. హల్లు, దాని ఒత్తులు, గుణింతం, పక్కనున్న సున్న, విసర్గ అన్నీ కలిసి ఆ ఒక్క గడిలోనే సర్దుకుంటాయి. 'స్త్రీ' ఒక గడి, 'దుఃఖం' రెండు, 'స్వాతంత్ర్యం' మూడు. ఫోన్లో అక్షరాలు లెక్కపెట్టే పరికరాలను నమ్మకండి. కంప్యూటర్ లెక్కలో 'స్త్రీ' అంటే ఆరు గుర్తులు.

లెక్క సరిగ్గానే ఉన్నా గడి తేడా వస్తే మాట చివర చూడండి. పుస్తకం మూడు గడులు, పుస్తకము నాలుగు. సముద్రం, సముద్రము కూడా అంతే. పజిల్ కూర్చే కూర్పరికి గడులు సరిపోనప్పుడు మొదట వాడుకునేది ఈ సున్న-ము మార్పే, కాబట్టి మీరూ మొదట దాన్నే మార్చి చూడండి. తర్వాత 'డు': సూర్యుడు మూడు, సూర్య రెండు. ఆ తర్వాత పొల్లు. 'వరంగల్'లో చివరి 'ల్'కు సాధారణంగా సొంత గడి ఉంటుంది, అంటే నాలుగు. 'ఓరుగల్లు' కూడా నాలుగే కనుక ఆ రెంటిలో ఏదో తేల్చాల్సింది అడ్డొచ్చే అక్షరాలే, అంటే ఆ గళ్ళను దాటి వెళ్ళే వేరే జవాబుల అక్షరాలే.

ఇవేవీ కుదరకపోతే పర్యాయపదాలను గడుల లెక్కన పేర్చుకోండి. సముద్రమే తీసుకుంటే రెండు గడులకు సంద్రం, అబ్ధి. మూడుకు కడలి, సాగరం, జలధి, ఉదధి, అంబుధి. నాలుగుకు పయోనిధి, రత్నాకరం. నీరు, తామర, చంద్రుడు, బంగారం, ఏనుగు, పాము, భూమి, పువ్వు అనే ఎనిమిదింటికి ఇలాంటి నిచ్చెన రాసి పెట్టుకుంటే బోలెడన్ని ఆధారాలు (జవాబు కోసం ఇచ్చే సూచనలు) అక్కడే తెగిపోతాయి.

గడిలో పడకూడని అక్షరం పడింది

అన్నిటికంటే విలువైన సూచన ఇదే. దీన్నే చాలామంది పొరపాటనుకుని చెరిపేస్తారు. తెలుగు మాట 'ణ', 'ళ'లతో మొదలుకాదు. 'డు'తో మొదలయ్యే మాట కూడా దాదాపు ఉండదు. అ, ఆ, ఇ వంటి అచ్చు మాట మొదట్లోనే వస్తుంది తప్ప నడుమా చివరా రాదు. సీఎం, ఐఏఎస్ లాంటి పొట్టి పేర్లు మాత్రం దీనికి మినహాయింపు. కొన్ని జవాబులను కూర్పరులు వెనక నుంచో, అక్షరాలు చెదరగొట్టో గళ్ళలో పెడతారు. అందుకని మొదటి గడిలో 'డు' తేలితే ఆ జవాబును వెనక నుంచి రాయాలన్నమాట. పుంలింగ నామమేదో తిరగబడి కూర్చుంది. ఆఖరి గడిలో 'అ' తేలినా అదే కథ. నడి గడిలో అచ్చు పడితే అక్షరాలు చెదిరాయని అనుమానించాలి. తిప్పామనో చెదరగొట్టామనో ఆధారంలో చెప్పకుండా వదిలేసే కూర్పరులూ ఉన్నారు. అది అన్యాయమే, కానీ గళ్ళు వాళ్ళ గుట్టు దాచలేవు.

ఆధారం చదివితే అర్థమే లేదు

ఇలాంటి ఆధారంలో రెండు ముక్కలుంటాయి: ఒకటి అర్థం, రెండోది అక్షరాలతో చేయాల్సిన పని. చివర బ్రాకెట్లో ఉండే అంకె గడుల లెక్క. మామూలు వాక్యంలా చదివితే రెండూ కలిసిపోతాయి. పని చెప్పే మాట కింద ముందు గీత గీయండి.

తిరగేస్తే, వెనుదిరిగి, తలకిందులై, అటునుంచి: ఇవి వెనక నుంచి చదవమనే మాటలు. 'పడక తిరగేస్తే రాయలసీమ జిల్లా (3)' అంటే కడప. 'కలప తిరగేసి అక్షరాలు దిద్దాలి (3)' అంటే పలక. గడప–పడగ, తల–లత కూడా ఇదే జాతి.

చెదిరిన, తారుమారైన, కకావికలైన, చిందరవందరగా: అక్షరాలు కలగాపులగం. 'చెదిరిన మరకే సంక్రాంతి ముందు నిలిచింది (3)' అంటే మకర.

తల లేని, తోక తెగిన, సగం: మొదటి అక్షరమో చివరిదో సగమో తీసేయాలి. లోపల, నడుమ, దాగిన: మాటలో మాట వెతకాలి. 'కవనంలోనే అడవి (2)' అంటే వనం.

ఇక్కడొక తిరకాసు ఉంది. పైన చెప్పిన 'పడక తిరగేస్తే' రకంలో తిప్పడం మీ పని, గళ్ళలో మాత్రం మాట సవ్యంగానే కూర్చుంటుంది. ఆధారం చివర విడిగా 'అటునుంచి' అనో 'కింది నుంచి పైకి' అనో ఉంటే జవాబునే తిప్పి రాయాలి, అప్పుడు గళ్ళలో అర్థం లేని మాట కనిపిస్తుంది. మూడు గడుల మాటలో ఏది సరైన దిశో తేల్చడానికి నడి గడి పనికిరాదు, ఎటు తిప్పినా అందులో అదే అక్షరం. కొసల్లో ఒకటి తేలేదాకా ఆగండి. టమాట, కునుకు, జలజ లాంటివైతే ఆ బెంగే లేదు. అక్షరాలు చెదిరిపోయిన రూపంలోనే గళ్ళలో కూర్చునే జవాబైతే వరుస చెప్పగలిగేవి అడ్డొచ్చే మాటలు మాత్రమే, దాన్ని చివరికి వదిలేయండి.

అడ్డం, నిలువు ఒకే గడిలో కొట్టుకుంటున్నాయి

ఒకటి శ అంటోంది, ఇంకోటి స అంటోంది. లేదా ల–ళ, న–ణ. రెండింటిలో సంస్కృతపు మాట ఏదో చూడండి, దాని అక్షరం కదలదు. వంగేది రెండోదే. గళ్ళు–గళ్లు, పెళ్ళి–పెళ్లి వంటివి రెండు రకాలుగానూ రాస్తారు కనుక అక్కడ పట్టుబట్టకండి.

వేషం అని రాసిన చోట అడ్డంగా 'స' వస్తుంటే ఆధారం మళ్ళీ చదవండి. 'వికృతి' అనో 'పల్లెటూరి మాటలో' అనో ఉంటే వేసం సరైనది. వికృతిలో గడుల లెక్క కూడా మారుతుంది: శ్రీ ఒకటైతే సిరి రెండు, యాత్ర రెండైతే జాతర మూడు, పుస్తకం మూడైతే పొత్తం రెండు, ఆశ్చర్యం మూడైతే అచ్చెరువు నాలుగు.

'ఒక నక్షత్రం', 'ఒక సంవత్సరం' అని మాత్రమే ఉంది

నక్షత్రాలు 27, తెలుగు సంవత్సరాలు 60, రాశులు 12. పంచాంగం పక్కన పెట్టుకుంటే చాలు. రెండు గడుల నక్షత్రాలు ఎనిమిదే: ఆర్ద్ర, మఖ, పుబ్బ, హస్త, చిత్త, స్వాతి, జ్యేష్ఠ, మూల. అయిదు గడులంటే ఉత్తరాషాఢ, ఉత్తరాభాద్ర.

నిఘంటువులో వెతికితే దొరకలేదు

మాట లేదనుకోకండి, వెతికిన రూపం వేరై ఉంటుంది. 1885 నాటి శబ్దరత్నాకరం వంటి పాత నిఘంటువుల్లో 'పుస్తకం' ఉండదు, 'పుస్తకము' ఉంటుంది. చెరువు అక్కడ బండి ఱతో చెఱువు, వాడు అరసున్నతో వాఁడు. అర్థం ఇంగ్లీషులో చూసుకోవాలంటే 1852 నాటి బ్రౌణ్య నిఘంటువు (సి.పి. బ్రౌన్ కూర్చినది) ఉంది. ఆంధ్రభారతి వెబ్‌సైట్లో ఒక్క వెతుకులాటతో చాలా నిఘంటువులు తెరుచుకుంటాయి.

ఒక మూల మొత్తం బిగుసుకుపోయింది

ఆ మూలలో అడ్డొచ్చే అక్షరం ఒక్కటీ లేకుండా, అర్థం మీదే నమ్మకంతో రాసిన జవాబును వెతికి చెరిపేయండి. సాధారణంగా దోషి అదే. అప్పటికీ కదలకపోతే ఇంకొకరిని అడగండి. ఆధారాన్ని మీ మాటల్లో చెప్పకుండా ఉన్నదున్నట్టు పంపాలి, ఎందుకంటే పని చెప్పే మాట మీ మాటల్లో జారిపోతుంది. దాంతోపాటు అడ్డమో నిలువో, ఎన్ని గడులో, ఏ గడిలో ఏ అక్షరం తేలిందో, అందులో ఖాయమైనదేదో చెప్పండి: 'అడ్డం 7, నాలుగు గడులు, రెండోది ము, అది నిలువు 3 నుంచి వచ్చింది, ఆ నిలువు మీద నాకే నమ్మకం లేదు.' చాలాసార్లు అడ్డం 7 కన్నా ముందు ఆ నిలువు 3 తేలుతుంది.