వింటర్ టైర్లు: వెనక రెండే వేయించి సరిపెట్టుకోవద్దు

పోయిన వారం నా స్నేహితుడి కారు కొండ దారి మలుపులో రెయిలింగ్‌ను గుద్దుకుంది. కార్లో ఉన్న ఇద్దరూ తమ కాళ్ల మీద నడిచి బయటికొచ్చారు, అదే పదివేలు. అది రియర్ వీల్ డ్రైవ్ స్పోర్ట్స్ కారు. చలి మొదలవగానే వింటర్ టైర్లు వేయించాడు, కానీ వెనక రెండే. "తోసేవి వెనక చక్రాలే కదా, ముందువాటికి దండగెందుకు" అన్నాడు. నేను గట్టిగా ఆపలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

మంచులో మెల్లగా నడపాలి, ముందు బండికి దూరంగా ఉండాలి లాంటివి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

రెండు టైర్ల లెక్క ఎక్కడ తప్పుతుంది

మొదటి నాలుగు రోజులు ఆ కారు బ్రహ్మాండంగా నడిచింది. సిగ్నల్ దగ్గర జారకుండా కదిలింది, ఎత్తులు ఎక్కింది. ఆ నమ్మకమే కొంప ముంచింది. బయల్దేరడానికి వెనక చక్రాల పట్టు చాలు. ఆగడానికీ, తిరగడానికీ ముందు చక్రాలు కావాలి. బ్రేకు నొక్కగానే కారు బరువు ముందుకు వాలుతుంది, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. దిగుడు రోడ్డయితే మరీను. ఆ ముందు చక్రాలకేమో వేసవి టైర్లు. మలుపులో స్టీరింగ్ తిప్పాడు, చక్రాలు తిరిగాయి, కారు మాత్రం తిన్నగా పోయింది. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ టకటకా కొట్టుకుంది గానీ టైరుకు పట్టు దొరికితే కదా అది పనిచేసేది.

దీనికి తిరగేసిన తప్పు ముందు రెండే వేయించడం. అది ఇంకా ప్రమాదం. ముందు భాగం రోడ్డును పట్టుకుని, వెనక భాగం పట్టుకోకపోతే కారు బొంగరంలా తిరిగిపోతుంది. స్టెబిలిటీ కంట్రోల్ ఉంది కదా అనుకోవద్దు. అది ఒక్కో చక్రానికి బ్రేకు వేసి కారును సర్దుతుంది. ఆ బ్రేకు పనిచేయడానికి కూడా టైరుకు పట్టు ఉండాలి.

కాబట్టి నాలుగూ మార్చండి. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఇంచుమించు ఒకే అరుగుదల ఉన్నవి.

రబ్బరు, గుర్తులు

"మా ఊళ్లో మంచు పెద్దగా పడదు" అనే మాట తరచూ వింటాను. అసలు తేడా మంచుతో కాదు, చలితో మొదలవుతుంది. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే వేసవి టైరు రబ్బరు గట్టిపడుతుంది, పొడి రోడ్డు మీద కూడా పట్టు తగ్గుతుంది. స్పోర్ట్స్ కార్లతో వచ్చే ఎక్కువ పట్టున్న వేసవి టైర్లకు ఈ బెడద ఎక్కువ. సున్నాకు బాగా దిగువన వాటిని నడిపితే కొన్నిటి ట్రెడ్ (రోడ్డును తాకే గాట్ల భాగం) పగిలిపోతుందని తయారీదారులే హెచ్చరిస్తారు. వింటర్ టైరు రబ్బరు చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని ట్రెడ్ మీది సన్నని గాట్లలో మంచు ఇరుక్కుని, రోడ్డు మీది మంచును పట్టుకుంటుంది.

కొనేటప్పుడు మూడు శిఖరాల కొండ, లోపల మంచు రేకు ఉన్న గుర్తు చూడండి. మంచు మీద పరీక్షలో నెగ్గితేనే అది వేస్తారు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అన్న అక్షరాలకు అలాంటి పరీక్ష అక్కర్లేదు. జర్మనీలో 2024 అక్టోబర్ 1 నుంచి ఆ అక్షరాలు మాత్రమే ఉన్న టైరును వింటర్ టైరుగా ఒప్పుకోవడం లేదు.

రిమ్ములు

చాలా స్పోర్ట్స్ కార్లకు వెనక టైర్లు ముందువాటి కంటే వెడల్పు. చలికాలానికి ఆ వెడల్పు పనికిరాదు. వెడల్పు టైరు తడి మంచు మీద తేలుతుంది, సన్నది దాన్ని కోసుకుని రోడ్డును అందుకుంటుంది. అందుకే ఒక సైజు చిన్న రిమ్ము, నాలుగు చక్రాలకూ ఒకే కొలత మంచిది. ఉదాహరణకు ముందు 225/40, వెనక 255/35 (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు శాతం), 18 అంగుళాల రిమ్ములున్న కారుకు నాలుగువైపులా 17 అంగుళాల 225/45 వేస్తే మొత్తం ఎత్తులో తేడా 3 మి.మీ. లోపే. స్పీడోమీటరు తప్పు చూపదు, ఏబీఎస్ తికమక పడదు. సైడ్‌వాల్, అంటే ఆ పక్కగోడ ఎత్తు పెరుగుతుంది కాబట్టి మంచు కింద దాగిన గుంటలో పడ్డా రిమ్ము వంగే అవకాశం తక్కువ.

అయితే పెద్ద బ్రేకులున్న కార్లలో చిన్న రిమ్ము, బ్రేకు డిస్కును నొక్కే క్యాలిపర్‌కు తగులుతుంది. కారు పుస్తకంలో తయారీదారు ఒప్పుకున్న సైజులు ఉంటాయి, ముందు అవి చూడండి. బోల్టు రంధ్రాల కొలత, ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో ఆ కొలత), మధ్య రంధ్రం, లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) అన్నీ సరిపోవాలి. క్రోమ్ పూత రిమ్ములు వద్దు, రోడ్డు మీద చల్లే ఉప్పు వాటిని తినేస్తుంది.

రిమ్ముల మీద డబ్బంతా పెట్టి, టైర్లు రెండే కొన్నవాళ్లనూ చూశాను. ముందు నాలుగు టైర్లు, అందం తర్వాత.

ఇక మిగిలినవి వరసగా చెబుతాను.

కొత్త రిమ్ములకు పాత బోల్టులు వాడేయొద్దు. కొన్నిటికి కోసుగా ఉన్న బోల్టు, కొన్నిటికి గుండ్రంగా ఉన్నది కావాలి. తప్పుది బిగిస్తే చక్రం ఊడిపోవచ్చు.

బిగించాక 100 కిలోమీటర్ల లోపు, బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి.

ట్రెడ్ 4 మి.మీ. కంటే తగ్గితే మంచులోకి తీసుకెళ్లొద్దు. చాలా దేశాల చట్టం 1.6 మి.మీ. అంటుంది, మంచుకు అది చాలదు.

తయారీ తేదీ చదవండి. 3223 అంటే 2023లో 32వ వారం. పాత సరుకు అంటగడతారు.

టైరు మీది బాణం తిరిగే దిశలోనే ఉండాలి.

టైర్లలో గాలి ఒత్తిడి బయటి చలిలో, బండి నడపకముందు చూడండి. 5, 6 డిగ్రీలు తగ్గితే దాదాపు 1 పీఎస్‌ఐ పడిపోతుంది.

హెచ్ రేటింగ్ టైరుకు గంటకు 210 కిలోమీటర్లే హద్దు. కారు 280 పోగలదని మరిచిపోండి.

దిగుడులో ఒక్కసారిగా గేరు తగ్గించొద్దు. ఇంజిన్ వెనక చక్రాలను పట్టేస్తుంది, తోక జారుతుంది.

స్పోర్ట్ మోడ్ ముట్టుకోవద్దు.

మంచులో జారకుండా టైర్లకు చుట్టే గొలుసులు తోసే చక్రాలకు, అంటే వెనకవాటికి. వేసే ముందు లోపల చోటు ఉందో లేదో కొలవండి.

వెనక చక్రాల పట్టు కోసం డిక్కీలో బరువు వేస్తే కట్టేయండి. కట్టని ఇసుక బస్తా గుద్దుకున్నప్పుడు మీ వీపు మీదికి వస్తుంది.

కొత్త టైర్లతో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా వెళ్లండి.

డబ్బు రెండు టైర్లకే ఉందా? అయితే రెండూ వేయించొద్దు. నాలుగింటికి చేరేదాకా కారును షెడ్డులో పెట్టి బస్సెక్కండి. టైరు షాపులో ఎవరైనా "ఇప్పటికి వెనక రెండూ వేద్దాం, ముందువి తర్వాత చూద్దాం" అంటే తాళాలు తీసుకుని వచ్చేయండి.