కారు లేకుండా ఆన్సీ: ఎలా చేరుకోవాలి, ఎలా తిరగాలి?

ఫ్రాన్స్ తూర్పు అంచున, ఆల్ప్స్ కొండల నడుమ, ఒక సరస్సు ఉత్తరపు కొసన ఉంది ఆన్సీ పట్టణం. స్విట్జర్లాండ్‌లోని జెనీవా అక్కడికి 40 కిలోమీటర్ల దూరమే. మనవాళ్లు చాలామంది పారిస్‌కీ స్విస్ టూర్‌కీ మధ్య ఒక రోజు ఖాళీ ఉందని దీన్ని ప్లాన్‌లో ఇరికిస్తారు. కనీసం రెండు రాత్రులైనా ఉంచుకోండి. కారు మాత్రం తీసుకోకండి.

ఎందుకంటే సరస్సుకు అటూ ఇటూ కొండలే. కొండకూ నీటికీ మధ్య ఒక్కో ఒడ్డున ఒక్కో ప్రధాన రోడ్డే ఉంటుంది. జూలై, ఆగస్టు మధ్యాహ్నాల్లో ఆ రోడ్ల మీద కార్లు చీమల్లా కదులుతాయి. పాత ఊళ్లోని సందులు నడకకే సరిపోతాయి. ఇక పార్కింగ్ వెతుక్కోవడం పెద్ద టెన్షన్. కారు అద్దెకు పెట్టే డబ్బుతో సరస్సుకు దగ్గర్లో ఇంకాస్త మంచి గది తీసుకోవచ్చు.

1. ముందుగా వీసా

షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఒకటే వీసా) కావాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే, ముందు అడుగుపెట్టే దేశానికి. స్విట్జర్లాండ్ కూడా షెంగెన్‌లోనే ఉంది కాబట్టి ఫ్రాన్స్ ఇచ్చిన వీసాతో జెనీవాలో దిగవచ్చు. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు ఆఖరి నెల దాకా ఆగకండి, అపాయింట్‌మెంట్లు దొరకవు.

2. ఏ ఎయిర్‌పోర్టు?

ఆన్సీ కోసమే వెళ్తుంటే జెనీవా మేలు. హైదరాబాద్ నుంచి దుబాయ్, దోహా లేదా ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక్కసారి మారితే చాలు. పారిస్ ఎలాగూ చూడాలనుకుంటే అక్కడే దిగి రైల్లో రండి. ఫ్రాన్స్‌లోనే ఉన్న లియోన్ నగరం కూడా దగ్గరే, అక్కడి పార్‌దియూ స్టేషన్ నుంచి ప్రాంతీయ రైల్లో సుమారు రెండు గంటలు.

3. జెనీవా నుంచి

ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బస్సులున్నాయి. ట్రాఫిక్‌ను బట్టి గంట నుంచి గంటన్నర పడుతుంది. రోజంతా గంటగంటకూ ఉండవు కాబట్టి విమానం దిగే టైమ్ చూసుకుని ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి. చలికాలంలో, ముఖ్యంగా ఫిబ్రవరి స్కూలు సెలవుల్లో, శనివారం దిగకుండా చూసుకోండి. స్కీయింగ్ ఊళ్లలో గదులు శనివారం నుంచి శనివారానికి అద్దెకిస్తారు. అందుకే ఆ రోజు వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ అందరూ ఒకేసారి రోడ్డెక్కుతారు.

రైల్లోనైతే ముందు ఎయిర్‌పోర్టు స్టేషన్ నుంచి జెనీవా ప్రధాన స్టేషన్ కార్నవాన్‌కు వెళ్లాలి, ఏడు నిమిషాల ప్రయాణం. అక్కడ లెమాన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. ఇది 2019 డిసెంబర్‌లో మొదలైన సరిహద్దు దాటే లోకల్ రైలు. ఇందులో ఎల్2 లైనే ఆన్సీ వెళ్తుంది. మిగతావి ఎవియాన్ వైపో, సాంజెర్వే వైపో వెళ్తాయి, కొన్ని ఆన్‌మాస్‌లోనే ఆగిపోతాయి. బోర్డు మీద ఆన్‌మాస్ చూసి ఆన్సీ అనుకుని దిగిపోకండి, రెండూ వేరు ఊళ్లు.

సరిహద్దు దగ్గర తనిఖీ ఉన్నా లేకపోయినా పాస్‌పోర్టు చేతి సంచీలోనే ఉండాలి. స్విట్జర్లాండ్‌లో ఫ్రాంకులు, ఫ్రాన్స్‌లో యూరోలు. యూరప్ సిమ్ కొనేటప్పుడు అది స్విట్జర్లాండ్‌లో కూడా పనిచేస్తుందో లేదో అడగండి. ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో లేదు కాబట్టి అక్కడ రోమింగ్ ఉచితమని నమ్మకం లేదు.

4. పారిస్ నుంచి

పారిస్‌లోనే ఉన్న గార్ ద లియోన్ స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ (హైస్పీడ్) రైళ్లున్నాయి, సుమారు 3 గంటల 45 నిమిషాలు. టీజీవీ టికెట్ మన విమానం టికెట్ లాంటిదే, తేదీ దగ్గరపడేకొద్దీ ధర పెరుగుతుంది. ఫ్రాన్స్ రైల్వే వాళ్ల ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్ యాప్‌లో ముందే కొనేయండి. రైలు తలుపులు బయలుదేరడానికి రెండు నిమిషాల ముందే మూసేస్తారు. ఒక్కోసారి రెండు రైళ్లను కలిపి నడుపుతారు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి లోపల నుంచి వెళ్లలేం. కాబట్టి కోచ్ నంబర్ చూసుకునే ఎక్కాలి.

పారిస్ ఊళ్లోకి వెళ్లే పని లేకపోతే, అక్కడి షార్ల్ ద గాల్ ఎయిర్‌పోర్టులోని స్టేషన్ నుంచే లియోన్‌కు టీజీవీ దొరుకుతుంది, లియోన్‌లో ఆన్సీ వెళ్లే ప్రాంతీయ రైలు ఎక్కొచ్చు. పెద్ద సూట్‌కేసులతో పారిస్‌లో లోకల్ రైళ్లు మారే బాధ తప్పుతుంది.

5. ఊళ్లో

స్టేషన్ నుంచి పాత ఊరికి పది, పదిహేను నిమిషాల నడక. సరస్సు నీరు బయటికి పోయే తియూ కాలువ వెంట నడిస్తే చాలు, మధ్యలో ఓడ ముక్కులా నిలిచిన పాత రాతి కట్టడం పాలే ద లీల్ కనిపిస్తుంది. ఒకప్పుడు అది జైలు. కాలువ వెంటే ముందుకెళ్తే సరస్సు, దాని పక్కనే పాకియే అనే పెద్ద పచ్చిక మైదానం. సందుల్లో నేలంతా రాళ్లు పరిచి ఉంటుంది, చక్రాల సూట్‌కేసు లాగడం కష్టం. గది పాత ఊళ్లో ఉంటే బ్యాగు భుజాన వేసుకునేదే తీసుకోండి.

సిటీ బస్సులను సిబ్రా అంటారు. ఆదివారాలు తక్కువగా తిరుగుతాయి, రాత్రి త్వరగా ఆగిపోతాయి.

6. సరస్సు చుట్టూ

సైకిల్ మీద చుట్టి రావడమే ఇక్కడి అసలు మజా. పూర్తి చుట్టు సుమారు 40 కిలోమీటర్లు. అలవాటు లేనివాళ్లు పడమటి ఒడ్డు మాత్రమే పట్టుకోండి. ఇది పాత రైలు పట్టాల దారి మీద వేసిన బాట, దాదాపు చదునుగా ఉంటుంది. సెవ్రియే, సాంజోరియో ఊళ్లు దాటాక దువాన్ దగ్గర పాత రైలు సొరంగంలోంచే తొక్కుకుంటూ పోతాం. తూర్పు ఒడ్డున, తాల్వార్ దగ్గర ఎక్కుడు ఉంది. అటు వెళ్లాలంటే ఎలక్ట్రిక్ సైకిల్ అద్దెకు తీసుకోండి.

తొక్కలేనివాళ్లకు బోట్లున్నాయి. గంటసేపు తిప్పి మళ్లీ అక్కడికే తెచ్చేవి కొన్ని, ఊరూరా ఆగేవి కొన్ని. టికెట్ కొనేటప్పుడు మీకేది కావాలో స్పష్టంగా చెప్పండి. ఊరూరా ఆగే బోటులో తాల్వార్‌లో దిగి, ఒడ్డున కాసేపు కూర్చుని, తర్వాతి బోటులో తిరిగి రావచ్చు. చివరి బోటు ఎప్పుడో దిగేముందే అడగండి. చలికాలంలో బోట్లు బాగా తగ్గిపోతాయి.

షామొనీ వెళ్లి మోం బ్లాం (మౌంట్ బ్లాంక్) శిఖరం చూడాలంటే రైలు మారుతూ రెండు గంటలకు పైనే పడుతుంది, తెల్లారే బయలుదేరండి.

జూన్‌లో అంతర్జాతీయ యానిమేషన్ ఫెస్టివల్ వారం గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. ఆ వారం వెళ్లక తప్పకపోతే దగ్గర్లోని ఎక్స్ లే బాన్ అనే ఊళ్లో బస చేసి రైల్లో వచ్చిపోండి.