ప్రభుత్వ బడిలో చిల్లర ఖర్చుల నిధి: లెక్క నిలబడేలా నడిపే పద్ధతి

హనుమకొండ, వరంగల్ జిల్లాల్లోని ఏ ప్రభుత్వ బడిలోనైనా నల్లా పాడవడం, తాళం విరగడం, మండల కేంద్రం నుంచి పాఠ్యపుస్తకాలు తెచ్చిన ఆటోకు కిరాయి ఇవ్వాల్సి రావడం వంటి ఖర్చులు తరచూ ఎదురవుతూనే ఉంటాయి. వీటికి ప్రతిసారీ చెక్కు రాయడం కుదరదు. అలాగని ప్రధానోపాధ్యాయులు సొంత డబ్బు పెట్టుకుని, గ్రాంటు వచ్చాక అంతా ఒకేసారి తీసుకోవడమూ మంచిది కాదు. అప్పటికి సగం రసీదులు కనిపించవు, కనిపించినవాటి మీద ప్రశ్నలు వస్తాయి. బడి కమిటీ తీర్మానంతో, విద్యాశాఖ ఉత్తర్వులకు లోబడి, ఒక స్థిరమైన మొత్తాన్ని నగదుగా ఉంచుకోవడమే సరైన దారి.

తీర్మానంలో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి: నిధి మొత్తం ఎంత, ఒక్కో ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఎంత, డబ్బు ఎవరి అధీనంలో ఉంటుంది. డబ్బు దాచేవారు, ఖర్చుకు అనుమతించేవారు ఒకరే కాకూడదు. జూనియర్ అసిస్టెంటు లేని చిన్న బడిలో ఈ బాధ్యతను ఒక ఉపాధ్యాయునికి అప్పగించి, అనుమతి సంతకం మాత్రం ప్రధానోపాధ్యాయులే చేయాలి.

ఈ నిధికి ప్రాణం ఒకే సూత్రంలో ఉంది: చేతిలో ఉన్న నగదు, ఇంకా భర్తీ కాని వోచర్లు (ఖర్చు చేసినా ఆ డబ్బును బ్యాంకు నుంచి ఇంకా తిరిగి తీసుకోని ఖర్చు పత్రాలు) కలిపితే ఎప్పుడైనా నిర్ణయించిన మొత్తమే రావాలి. నిధి 2,000 రూపాయలనుకుందాం. నల్లా, టెఫ్లాన్ టేపుకు 280, ప్లంబర్ కూలికి 300, ఆటోకు 150, ఫినాయిల్, చీపుర్లకు 190 అయితే వోచర్లు 920 రూపాయలు. పెట్టెలో 1,080 ఉండాలి. భర్తీకి చెక్కు రాసేటప్పుడు 920కే రాయాలి తప్ప మళ్లీ 2,000కు రాయకూడదు. పది రూపాయలు తగ్గినా, ఎక్కువైనా ఆ రోజే కారణం వెతకాలి. ఎక్కువ రావడం కూడా తప్పే. ఎక్కడో ఒక ఖర్చు ఎక్కువగా రాసి ఉండవచ్చు.

రసీదుల విషయంలో మరింత శ్రద్ధ అవసరం. హార్డ్‌వేర్ దుకాణంలో ఇచ్చే యంత్రపు బిల్లు మీద అక్షరాలు కొన్ని నెలల్లోనే వెలిసిపోతాయి కాబట్టి, తెచ్చిన రోజే జిరాక్స్ తీసి రెండూ కలిపి వోచరుకు అంటించాలి. ప్లంబర్, ఆటో డ్రైవర్ బిల్లు ఇవ్వరు. వారి పేరు, ఊరు, చేసిన పని, తీసుకున్న మొత్తాన్ని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, అక్కడే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్ డబ్బు వెళ్లిందని మాత్రమే చెబుతుంది, ఏం కొన్నారో చెప్పదు. దాన్ని బిల్లుగా లెక్కించకూడదు. 5,000 రూపాయలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు కావాలి గానీ, అంత మొత్తం ఈ నిధి నుంచి వెళ్లనే కూడదు. పరిమితి దాటిన కొనుగోలును రెండు బిల్లులుగా చీల్చడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు, ఎందుకంటే అది తెలిసి చేసేది.

నగదు పుస్తకంలో ఏ రోజు ఖర్చు ఆ రోజే ఎక్కించాలి. తప్పు పడితే వైట్‌నర్ వాడకుండా ఒక గీత కొట్టి, పక్కన సరైన అంకె రాసి సంతకం చేయాలి. నల్లా, తాళం వంటి వస్తువులను స్టాక్ రిజిస్టరులో నమోదు చేసి, ఆ పేజీ సంఖ్యను వోచరు మీద వేయాలి. బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద బడికి వచ్చే గ్రాంటు విద్యార్థుల సంఖ్యను బట్టి ఏడాదికి 10,000 నుంచి 1,00,000 రూపాయల వరకు ఉంటుంది; అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకు వెచ్చించాలి కాబట్టి ఫినాయిల్, చీపుర్ల వంటివాటిని వేరే పద్దు కింద చూపితే ఏడాది చివర వెతుకులాట ఉండదు.

నెలకోసారి, ముందుగా చెప్పకుండా, నిధి బాధ్యత లేని మరొకరు నోట్లు లెక్కపెట్టి, ఏ నోటు ఎన్ని ఉన్నాయో పుస్తకంలో రాసి సంతకం చేయాలి. మార్చి 31కి ముందే మిగిలిన నగదును బ్యాంకులో జమ చేసి, చలానాను దాచాలి. ప్రధానోపాధ్యాయులు బదిలీ అయినప్పుడు కొత్తవారు డబ్బును, భర్తీ కాని వోచర్లను తమ చేత్తో లెక్కపెట్టి చూసుకున్నాకే బాధ్యతల పత్రం మీద సంతకం చేయాలి.