చికెన్ ఫహీటా: ఒకే పెనం మీద, నీరు ఊరనివ్వకుండా

మనం కోడికూర వండేటప్పుడు ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి గిన్నెలో వేసి మూత పెడతాం. ముక్క తనలోని నీటిని వదిలి, ఆ నీటిలోనే ఉడికి, చివరకు నీరంతా ఇగిరి నూనె పైకి తేలే వరకు కలుపుతూ ఉంటాం. ఇగురుకూ వేపుడుకూ కూడా మన ఇళ్లలో ఎక్కువగా ఇదే దారి. ఫహీటా అంటే పెద్ద మంట మీద కాల్చిన మాంసం, ఉల్లిపాయ, క్యాప్సికంలను టోర్టిల్లా అనే పలుచని రొట్టెలో చుట్టుకుని తినే వంట. దీనికి ఈ దారి పనికిరాదు. ఇందులో ముక్క నుంచి ఊరిన నీరు పెనం మీద నిలవకముందే దాని పైపొర ఎర్రగా కాలిపోవాలి. ఉల్లిపాయ, క్యాప్సికం అంచులు అక్కడక్కడా నల్లబడాలి, కానీ కొరికితే లోపల ఇంకా కరకరలాడాలి. ఈ ఒక్క తేడా చేతికి అలవాటైతే, ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చిన రోజున కూడా నలుగురికి సరిపడా ఫహీటాలు సుమారు అరగంటలో, ఒకే పెనం కడిగే శ్రమతో తయారవుతాయి.

ఈ వంట పుట్టుక తెలిస్తే పద్ధతి కూడా సులువుగా అర్థమవుతుంది. స్పానిష్‌లో ‘ఫాహా’ అంటే నడికట్టు లేదా పట్టీ, ‘ఫహీటా’ అంటే చిన్న పట్టీ. ఆంగ్లంలో రాసే ‘జె’ అక్షరాన్ని స్పానిష్‌లో దాదాపు ‘హ’గా పలుకుతారు కాబట్టి ఇది ఫాజిటా కాదు, ఫహీటా. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రపు దక్షిణ కొసన, రియో గ్రాండే లోయలోని పశువుల క్షేత్రాల్లో పనిచేసిన మెక్సికన్ కాపరులకు కూలిలో భాగంగా, అమ్ముడుపోని మాంసపు భాగాలను ఇచ్చేవారు. వాటిలో పశువు రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండే పొడవాటి, పలుచని, గట్టి కండ ఒకటి. ఫహీటా అన్న పేరు మొదట ఆ కండకే ఉండేది. దాన్ని నిప్పుల మీద పూర్తి పట్టీగానే కాల్చి, తరువాత పోగులకు అడ్డంగా సన్నగా కోసి, టోర్టిల్లాలో పెట్టుకుని తినేవారు. 1969లో ఆస్టిన్‌కు దక్షిణాన ఉన్న కైల్ ఊళ్లో సన్నీ ఫాల్కన్ ఒక వేడుకలో దుకాణం పెట్టి ఫహీటా టాకోలను, అంటే ఆ మాంసం పెట్టి మడిచిన టోర్టిల్లాలను అమ్మాడు. 1973లో హ్యూస్టన్‌లో నిన్ఫా లారెంజో తన టోర్టిల్లా కర్మాగారం ముందుభాగంలోనే చిన్న రెస్టారెంటు తెరిచి ఈ రుచిని నగరవాసులకు అలవాటు చేసింది. కోడిమాంసం ఆ తరువాత వచ్చి చేరింది. కాబట్టి చికెన్ ఫహీటాలో ఆ పాత కండ లేకపోయినా, పాత పద్ధతి మాత్రం ఉండాలి: ముందు పూర్తిగా కాల్చడం, తరువాత కోయడం.

చాలా వంటల వివరణల్లో చికెన్‌ను ముందే సన్నని పోగులుగా కోసి పెనంలో వేయమంటారు. నేను ఆ పద్ధతిని సిఫారసు చేయను. ఎన్ని ముక్కలుగా కోస్తే అన్ని కోసిన ముఖాలు ఏర్పడతాయి, ప్రతి ముఖం నుంచీ నీరు కారుతుంది. డాలస్ దగ్గర మేము కాపురం పెట్టిన కొత్తలో నేనూ అలాగే చేసి, కిలో చికెన్ పోగులను కూరగాయలతో సహా ఒకేసారి పెనంలో కుమ్మరించాను. రెండు నిమిషాలకే అడుగున బూడిద రంగు నీరు చేరింది. పెనం నుంచి వస్తున్న చిటపట ఆగిపోయి, పులుసు ఉడికే శబ్దం మొదలైంది. ఆ రాత్రి మేము తిన్నది పలుచని కూర. ఆ రోజు నుంచి ఈ వంటలో నేను కంటి కంటే చెవిని ఎక్కువగా నమ్ముతున్నాను.

కావలసినవి

నలుగురికి ఎముక, తోలు తీసిన కోడి తొడ మాంసం 600 గ్రాములు తీసుకోవాలి. రొమ్ము మాంసం కూడా వాడవచ్చు, కానీ అది ఒక్క నిమిషం ఎక్కువైనా ఎండిపోతుంది. తొడ మాంసంలో కొవ్వు ఎక్కువ కాబట్టి, పని మధ్యలో ఫోను మోగినా పాడవదు. రొమ్ము మాంసమే వాడదలిస్తే దాన్ని అడ్డంగా చీల్చి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి తీసుకురావాలి. వీటితోపాటు పెద్ద ఉల్లిపాయలు 2, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ క్యాప్సికంలు ఒక్కొక్కటి, నూనె 3 టేబుల్ స్పూన్లు, నిమ్మకాయలు 2, గుప్పెడు కొత్తిమీర, 8 నుంచి 10 టోర్టిల్లాలు కావాలి. నూనె విషయంలో, ఎక్కువ వేడికి తట్టుకునే శుద్ధి చేసిన వేరుశనగ నూనె లేదా పొద్దుతిరుగుడు నూనె మంచిది.

మసాలాకు కాశ్మీరీ లేదా బ్యాడిగి మిరప కారం 2 టీస్పూన్లు, వేయించి దంచిన జీలకర్ర పొడి ఒకటిన్నర టీస్పూన్లు, ఒరెగానో 1 టీస్పూను, వెల్లుల్లి పొడి 1 టీస్పూను, మిరియాల పొడి అర టీస్పూను, ఉప్పు ఒకటింపావు టీస్పూను కలుపుకోవాలి. స్మోక్డ్ పాప్రికా, అంటే పొగ పట్టించిన మిరప పొడి, దొరికితే ఒక టీస్పూను వేయండి, నిప్పుల మీద కాల్చిన వాసన కొంతైనా వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అమెరికన్ వంటల వివరణల్లో కనిపించే ‘చిల్లీ పౌడర్’ మన కారం పొడి కాదు. ఆ సీసాలో మిరపతోపాటు జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి, అందుకే వాళ్లు రెండు టేబుల్ స్పూన్లు వేయమని ధైర్యంగా రాస్తారు. అదే కొలతతో గుంటూరు కారం వేస్తే ఆ వంటను ఇంట్లో ఎవరూ నోట పెట్టలేరు. ఇంట్లో గుంటూరు కారమే ఉంటే అర టీస్పూనుతో ఆపి, రంగు కొంచెం తగ్గినా సరిపెట్టుకోవాలి. ఫహీటాలో మిరప ఘాటు ముందు నిలవకూడదు. జీలకర్ర వాసన, కాలిన అంచుల తీపి, నిమ్మ పులుపు వరుసగా నాలుకకు తెలియాలి.

ఒరెగానో గురించి కూడా ఒక మాట. మెక్సికోలో వాడే ఒరెగానో, పిజ్జాతో పొట్లాల్లో వచ్చే ఒరెగానో వేర్వేరు కుటుంబాల మొక్కలు, అయినా రెండింటి వాసనకూ ముఖ్యంగా కార్వక్రాల్ అనే పదార్థమే కారణం. మన పెరటి కుండీల్లో పెరిగే, పిల్లల జలుబుకు వాడే వాము ఆకులో కూడా అదే పదార్థం ఉంది. కాబట్టి ఒరెగానో లేనప్పుడు రెండు వాము ఆకులను సన్నగా తరిగి వాడవచ్చు. ఆ ఆకు దళసరిగా, నీరు నిండి ఉంటుంది కనుక మసాలాలో కలపకుండా చివరన కొత్తిమీరతోపాటు చల్లాలి.

మాంసాన్ని సిద్ధం చేయడం

మాంసాన్ని పళ్లెంలో పరిచి, కాగితపు తువ్వాలుతో రెండు వైపులా గట్టిగా అద్ది తుడవాలి. మాంసం కడిగే అలవాటు ఉన్నవారు ఈ పనిని మరింత శ్రద్ధగా చేయాలి. వేలితో తాకితే జారకుండా, కొంచెం అంటుకుంటున్నట్టు అనిపిస్తే తడి పోయినట్టు లెక్క. తరువాత ఒక టేబుల్ స్పూను నూనె రాసి, మసాలాలో మూడింట రెండు వంతులు మాత్రమే పట్టించాలి. మిగిలిన వంతును పక్కన దాచుకోవాలి. మొత్తం ఒకేసారి పట్టిస్తే, అంత వేడిలో కారం, వెల్లుల్లి మాడి చేదెక్కుతాయి, ఇంటినిండా ఘాటు కమ్మి అందరూ దగ్గుతారు. నూనె పట్టించడం కూడా ఆ మాడును కొంత ఆపుతుంది.

నిమ్మరసం ఈ దశలో పిండవద్దు. పులుపులో ఎక్కువసేపు నానిన కోడిమాంసం పైపొర సున్నంలా పొడిబారుతుంది, పైగా ఆ రసం కూడా పెనానికి తడే. మసాలా పట్టించిన మాంసాన్ని కూరగాయలు తరిగేంతసేపు, అంటే పది పదిహేను నిమిషాలు అలా ఉంచితే చాలు. తీరిక ఉన్నవారు ఉదయమే పట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అప్పుడు పెనంలో వేసే ముందు మరోసారి తడి అద్దాలి, మసాలా పోతుందని భయపడనక్కరలేదు.

ఉల్లిపాయలను, క్యాప్సికంలను వేలి వెడల్పు పాయలుగా కోయాలి. మన కూరకు తరిగినంత సన్నగా తరిగితే అంచులు నల్లబడేలోపే మొత్తం మెత్తబడిపోతాయి. క్యాప్సికం లోపలి తెల్లటి పొరను, గింజలను తీసేయండి.

పెనం మీద

ముప్పై సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప పెనం, అంచులు కొంచెం లేచినది, ఈ పనికి అన్నిటికన్నా తగినది. దోసెల పెనం కూడా పనిచేస్తుంది, అయితే కలిపేటప్పుడు కూరగాయలు పొయ్యి మీదికి జారకుండా చూసుకోవాలి. నాన్‌స్టిక్ పెనాన్ని ఖాళీగా ఇంత వేడి చేయడం మంచిది కాదు. ఇండక్షన్ పొయ్యి వాడేవారు ఇనుప పెనాన్ని మధ్యస్థ వేడితో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. కిటికీ తెరిచి, పొగ గొట్టం ఫ్యాను వేసి, పెనాన్ని నాలుగైదు నిమిషాలు బాగా కాలనివ్వాలి. ఒక నీటి చుక్క వేస్తే అది ఆవిరైపోకముందు పూసలా ఉండకట్టి పెనం మీద పరుగెత్తాలి. అప్పుడు ఒక టేబుల్ స్పూను నూనె పోసి, అది సన్నగా పొగలు మొదలుపెట్టగానే మాంసాన్ని ఒకదానికొకటి తగలకుండా పరచాలి. ముక్క ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ లేకపోతే రెండు వాయిలుగా వండండి. రెండో వాయికి పట్టే ఎనిమిది నిమిషాలను ఆదా చేయబోతే వంటంతా పాడవుతుంది.

ఇక అట్లకాడను పక్కన పెట్టాలి. మన చేయి కలుపుదామని ఉబలాటపడుతుంది, కానీ నాలుగు నుంచి ఐదు నిమిషాల వరకు ముక్కను కదపకూడదు. పెనం నుంచి తెంపు లేని చిటపట వినిపిస్తూ ఉండాలి. ఆ శబ్దం మందగిస్తే నీరు చేరుతోందని అర్థం, వెంటనే మంట పెంచాలి. కాలిన ముక్క పెనాన్ని తనంతట తానే వదులుతుంది. పటకారుతో లేపినప్పుడు అంటుకుని లాగుతుంటే ఇంకొక నిమిషం ఆగండి. తిప్పిన తరువాత రెండో వైపు మరో నాలుగు నిమిషాలు చాలు. ముక్క మధ్యలో వేడి 74 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. మాంసపు థర్మామీటరు లేనివారు అతి మందమైన ముక్కను కోసి, లోపల గులాబి రంగు లేదని, కారే రసం తేటగా ఉందని చూసుకోవాలి. తరువాత పళ్లెంలోకి తీసి, ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయాలి. వెంటనే కోస్తే రసమంతా పలక మీదే పోతుంది.

ఆ ఐదు నిమిషాల్లోనే కూరగాయల పని పూర్తవుతుంది. పెనాన్ని కడగవద్దు. అడుగున అంటుకుని ఉన్న ఆ గోధుమరంగు పొరలోనే రుచంతా ఉంది. మిగిలిన నూనె పోసి, ముందు ఉల్లిపాయలు వేసి రెండు నిమిషాలు పెద్ద మంట మీద కాలనివ్వాలి, తరువాత క్యాప్సికం వేసి, నిమిషానికి ఒకసారి మాత్రమే తిప్పుతూ మరో మూడు, నాలుగు నిమిషాలు ఉంచాలి. ఉప్పు మొదట్లో వేస్తే కూరగాయలు నీరు వదులుతాయి, కాబట్టి దాచుకున్న మసాలాను, చిటికెడు ఉప్పును చివరి అర నిమిషంలో చల్లండి. అప్పుడు మంట తగ్గించి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్లు చల్లి, అట్లకాడతో అడుగు గీకితే ఆ గోధుమ పొర కరిగి, ఉల్లిపాయలకు జిగురులా పట్టుకుంటుంది. ఈ వంటలో కావాలని నీరు పోసేది ఇక్కడ ఒక్కచోటే.

విశ్రాంతి తీసుకున్న మాంసాన్ని ఇప్పుడు కోయాలి. దగ్గరగా చూస్తే పోగులు ఒక దిశలో సాగుతూ కనిపిస్తాయి. కత్తి వాటికి అడ్డంగా నడవాలి. అలా కోస్తే ప్రతి ముక్కలో పోగులు పొట్టివై పంటికి తేలికగా తెగుతాయి, నిలువుగా కోస్తే బాగా ఉడికిన మాంసమైనా పీచులా సాగుతుంది. కోసిన ముక్కలను, పళ్లెంలో ఊరిన రసంతో సహా, పెనంలోకి వేసి ఒకసారి తిప్పి, పొయ్యి ఆపి, ఒకటిన్నర నిమ్మకాయల రసం పిండి, కొత్తిమీర చల్లాలి. మిగిలిన అర నిమ్మకాయను చీలికలుగా కోసి బల్ల మీద పెట్టండి.

టోర్టిల్లాలు, పక్కన పెట్టుకునేవి

టెక్సాస్‌లో ఫహీటాకు గోధుమపిండి టోర్టిల్లాలే వాడుక. దుకాణంలో కొన్నవైతే ఒక్కొక్కదాన్ని సన్న మంట మీద పది సెకన్లు అటూ ఇటూ కాల్చి, గుడ్డలో చుట్టి ఉంచాలి. ఇంట్లో చేసుకోవాలంటే 250 గ్రాముల మైదాలో 3 టేబుల్ స్పూన్ల నూనె, ముప్పావు టీస్పూను ఉప్పు వేసి పిండిని వేళ్లతో నలిపి, గోరువెచ్చని నీళ్లతో మెత్తగా కలిపి, అరగంట నాననిచ్చి, అరచేయి కంటే కొంచెం పెద్దవిగా పలుచగా వత్తి, ఒక్కో వైపు ముప్పావు నిమిషం కాల్చాలి. వారం మధ్యలో అంత ఓపిక ఉండదు కాబట్టి పుల్కాలు చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అయితే పలుచగా వత్తాలి, కాల్చగానే మూత ఉన్న డబ్బాలో పెట్టాలి, లేకపోతే మడిచేటప్పుడు విరుగుతాయి.

పక్కన సన్నగా తరిగిన టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీరను నిమ్మరసం, ఉప్పుతో కలిపి పెట్టుకుంటే చాలు. వెన్నపండు (అవకాడో) దొరికితే మెదిపి ఉప్పు, నిమ్మరసం కలపండి. సోర్ క్రీమ్‌కు బదులు, గుడ్డలో కట్టి నీరు పూర్తిగా వార్చిన గడ్డ పెరుగు చక్కగా సరిపోతుంది. పెనాన్ని అలాగే బల్ల మధ్యలో ఒక చెక్క పలక మీద పెట్టి, ఎవరికి వారు చుట్టుకుని తినడమే ఈ భోజనపు తీరు, కానీ చిన్న పిల్లలు ఉన్న ఇంట్లో వేడి ఇనుప పెనాన్ని వాళ్ల చేతికి అందనంత దూరంలో ఉంచాలి.

మిగిలిన చికెన్‌ను వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు నిలుస్తుంది. మాంసాన్ని, కూరగాయలను వేర్వేరు డబ్బాల్లో దాచండి, కలిపి దాచితే క్యాప్సికం వదిలే నీటిలో మాంసం మెత్తబడుతుంది. మరునాడు పొద్దున ఆ కూరగాయలను బాగా కాలిన పెనం మీద ఒక నిమిషం వేడి చేసి, రెండు గుడ్లు కొట్టి పోసి, నిన్నటి టోర్టిల్లాలో చుట్టి పిల్లల డబ్బాలో పెట్టవచ్చు.