ఆస్ట్రేలియాలో బయట తింటున్నారా? మెనూ అడుగున చూడండి

బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు మారేవాళ్లు రెస్టారెంట్‌లో మెనూ అడుగున ఉండే చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. ఆదివారాలు, పబ్లిక్ హాలిడేల్లో 10-15 శాతం సర్‌ఛార్జ్ వేసేవాళ్లు చాలామందే. ఆ రోజుల్లో సిబ్బందికి జీతం ఎక్కువ ఇవ్వాలి మరి. లండన్‌లోలా 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ మాత్రం మామూలుగా ఉండదు. కార్డు మెషీన్ టిప్ అడిగితే మొహమాటపడకుండా 'నో' నొక్కేయండి, ఎవరూ మొహం మాడ్చుకోరు. 'బీవైఓ' అని బోర్డుంటే మన వైన్ సీసా మనమే పట్టుకెళ్లొచ్చు. కార్కేజ్ (మన సీసా తెచ్చుకున్నందుకు వాళ్లు వేసే ఛార్జీ) సీసాకా, మనిషికా అన్నది ముందే అడగండి. బీరుకు చాలాచోట్ల ఒప్పుకోరు. పబ్బుల్లో సాధారణంగా కౌంటర్ దగ్గరే ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, వాళ్లిచ్చిన నంబరు స్టాండు తెచ్చి టేబుల్ మీద పెట్టుకోవాలి. చిన్న ఊళ్లలో రాత్రి 8:30కే కిచెన్ కట్టేసే పబ్బులు ఎక్కువ. తీరిగ్గా తొమ్మిదింటికి వెళ్తే చిప్స్ కూడా దొరక్కపోవచ్చు.