సైకిల్ మీద చార్మినార్ టు బార్కస్, బయల్దేరేముందు ఇవి చూస్కోండి

ముందు రోజు రాత్రే గాలి, బ్రేకులు, వెనక లైటు చూస్కోండి, పొద్దున్నే పంక్చర్ షాపులు తెరవరు.

ఆదివారం 6 కల్లా చార్మినార్ దగ్గరుండాలి, లేటైతే ఆటోల మధ్య నడిపించుకుంటూ పోవాల్సిందే. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అక్కడే కానిచ్చేయండి. తాళం, చిల్లర మర్చిపోవద్దు.

అక్కణ్ణుంచి బార్కస్ 6-7 కిలోమీటర్లు, చాంద్రాయణగుట్ట దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకండి, కింద రోడ్డే, బస్సులు కూడా లారీల్లాగే వస్తాయి కాబట్టి ఎడమ పక్కనే ఉండండి. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులుండే ఏరియా అది, బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. గోధుమ, మాంసం కలిపి వండే హరీస్ పొద్దున్నే తినాలి (నేనొకసారి పదింటికెళ్లి ఖాళీ గిన్నె చూసొచ్చా). మండీ (మాంసంతో వండే అరబ్ అన్నం) మాత్రం తిరుగు ప్రయాణానికి ముందు వద్దు, తిన్నాక తొక్కలేరు, నా మాట నమ్మండి.

రంజాన్‌లో పగలు చాలా హోటళ్లు మూసుంటాయి. మసీదుల దగ్గర పొట్టి షార్ట్స్ వద్దు, మనుషుల్ని అడక్కుండా ఫొటో తీయొద్దు. చార్మినార్‌కి అవతల, బార్కస్‌కి ఎదురు దిక్కున ఉన్న అబిడ్స్ వైపు వెళ్లి పార్సీ అగ్ని దేవాలయం చూడాలనుకుంటే గేటు బయట్నుంచే, పార్సీలు కానివాళ్లని లోపలికి రానివ్వరు.

నీళ్లు రెండు సీసాలు.